విడిభాగముల విద్య: ఆటల కంప్యూటరు కథ

“బడ్జెట్టెంత బాబూ?” అను ప్రశ్నతోనే విశాఖపట్టణపు ద్వారకానగరు, డాబాగార్డెన్సు ప్రాంతముల కంప్యూటరు దుకాణములలో బేరము మొదలగుట పరిపాటి. ఇంజనీరింగు చదువుచున్న కుఱ్ఱవాడొకడు పదివేలనియో పదిహేనువేలనియో సంకోచించుచు చెప్పి, ఇంటనున్న పాత పెట్టెను పారవేయకుండ దానితోనే క్రొత్త ఆటలు ఆడుకొను ఉపాయమేదైన కలదా యని యడిగినప్పుడు, ఆ చిన్న బేరము వెనుక నాలుగు దశాబ్దములకు మించిన చరిత్ర కలదని అతడు గాని, దుకాణదారుడు గాని తలపరు. ఒక యంత్రమును మొత్తముగా మార్చక, చేతిలో డబ్బు ఆడినప్పుడెల్ల ఒక్కొక్క భాగమును మార్చుకొనుచు ఏండ్ల తరబడి నడపుకొనగల సౌకర్యము ఫ్లారిడాలోను, ఢిల్లీలోను, సింగపూరులోను వేర్వేరు కాలములందు జరిగిన నిర్ణయముల ఫలము; ఆ నిర్ణయములు మరొక విధముగా నుండినచో, పదివేలు పట్టుకొని వచ్చినవాడు వట్టి చేతులతో తిరిగి పోవలసినవాడే.

ప్రమాణము పుట్టిన తీరు

1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించెను. అన్నియు తానే తయారుచేయు అలవాటు గల ఆ మహాసంస్థ, ఫ్లారిడాలోని తన చిన్న బృందమునకు ఏడాది గడువు మాత్రమే యిచ్చినందున, ప్రాసెసరును ఇంటెలు నుండియు, ఆపరేటింగు సిస్టమును మైక్రోసాఫ్టు నుండియు తెచ్చుకొని, అదనపు కార్డులు దూర్చుకొనుటకు బోర్డుమీద ఐదు స్లాట్లు విడిచి, ఆ బోర్డు విద్యుత్పటములను సైతము సాంకేతిక గ్రంథముగా అచ్చువేసి అమ్మినది. తొందరలో తెఱచిన ఆ తలుపును మరల మూయుట దానికి సాధ్యపడలేదు. 1982లో కాంపాక్ సంస్థ, యంత్రమును మేల్కొలుపు మూల ప్రోగ్రామైన బయాసును స్వతంత్రముగా వ్రాయించుకొని ఐబీఎం యంత్రమునకు దీటైన యంత్రమును ప్రకటింపగా, తైవాను కర్మాగారములు ఆ దారినే పట్టినవి. 1995లో ఇంటెలు ప్రకటించిన ఏటీఎక్సు నియమావళితో బోర్డు కొలతలు, మరలు బిగించు రంధ్రముల స్థానములు, పవర్ సప్లయి ఆకారము స్థిరపడినవి. ఎవరు చేసిన బోర్డైనను ఎవరు చేసిన క్యాబినెటులోనైనను కూర్చొనుటకు ఆధారమైన ఈ ఉమ్మడి కొలతయే అల్పాదాయము గల ఆటగానికి మూలధనము.

తెలుగునేలపై

మన ప్రాంతమునకు కంప్యూటరు ఈ పర్సనల్ కంప్యూటరు కన్న ముందే వచ్చినది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు సారథిగా 1967లో హైదరాబాదున నెలకొన్న ఈసీఐఎల్ సంస్థ, 1969 నాటికే టీడీసీ-12 అను కంప్యూటరును నిర్మించినది. కాని అవి ప్రయోగశాలలకు, ప్రభుత్వ కార్యాలయములకు ఉద్దేశింపబడిన యంత్రములు. గృహస్థునకు వానితో పని లేదు. అంతవరకు ఇచ్చట వ్యాపారము చేయుచుండిన ఐబీఎం 1978లో దేశమును విడిచిపోయెను. 1984 నవంబరులో ప్రకటితమైన నూతన కంప్యూటరు విధానము దిగుమతుల పగ్గములను సడలించెను. 1991 నాటి ఆర్థిక సంస్కరణలు ఆ సడలింపును విస్తరింపజేసెను. 1996 చివర సింగపూరున రూపొందిన సమాచార సాంకేతిక ఒప్పందములో మరుసటి యేడు భారతదేశము చేరి, కంప్యూటరు వస్తువులపై దిగుమతి సుంకమును అంచెలంచెలుగా తగ్గించి 2005 నాటికి తీసివేయుటకు అంగీకరించినది. సికింద్రాబాదు పార్కులేనులో సీటీసీ యని అందరు పిలుచుకొను చెనాయ్ ట్రేడ్ సెంటరు విడిభాగముల విపణిగా పేరొందినది ఈ మార్పుల నీడలోనే. బిల్లుమీద కంపెనీ పేరు లేని ‘అసెంబుల్డు’ కంప్యూటరు మధ్యతరగతి యింటికి వచ్చినదియు అప్పుడే.

విశాఖ అందులకు అనువైన ఊరు. 1933 నుండి నౌకాశ్రయము, 1941లో పునాదిపడిన నౌకానిర్మాణ కేంద్రము, 1992లో జాతికంకితమైన ఉక్కు కర్మాగారము — వీనిలో పనిచేయు వేలాది కుటుంబములకు నెల జీతము నికరమైనది, అయినను లెక్క చూచుకొని ఖర్చుపెట్టవలసినది. తండ్రి కంప్యూటరు కొనుట పిల్లల చదువు నిమిత్తము. చదువు పేరు చెప్పి గ్రాఫిక్సు కార్డు కొనిపించుకొనుట పిల్లల నేర్పు.

పెన్సిలుతో సాధించిన వేగము

అల్పవ్యయముతో అధికఫలము రాబట్టు ఈ విద్యలో 1998 ఆగస్టు చిరస్మరణీయము. ఆ నెల వెలువడిన సెలెరాను 300ఏ అను చౌకరకపు ప్రాసెసరు 66 మెగాహెర్ట్జుల బస్సు (ప్రాసెసరునకు బోర్డునకు నడుమ మార్గము) వేగమును నాలుగున్నర రెట్లు చేసికొని 300 వద్ద పనిచేయునట్లు నిర్ణయింపబడినది. బోర్డు సెట్టింగులలో ఆ 66ను 100గా మార్చినవానికి, నాలుగున్నర యను ఆ గుణకము మాఱకున్నను, వేగము 450కి లేచెడిది. ఆ వేగమునకే అమ్ముచుండిన పెంటియం-2 ధరలో సెలెరాను ధర మూడవ వంతు కూడ లేదు. రెండేండ్లకు ఏఎండీ వారి డ్యూరాను, క్రొత్తరకపు అథ్లాను ప్రాసెసర్లు వచ్చినవి. వాని పింగాణీ ఉపరితలముపై ‘ఎల్1’ అను అక్షరముల ప్రక్క, చీమతలకన్న చిన్నవైన రాగి చుక్కల జంటలు వరుసగా నుండెడివి. ఆ జంటల నడుమ కర్మాగారమునందు త్రెంచిన గీతలను మామూలు పెన్సిలు ములికితో కలిపినచో, గ్రాఫైటు విద్యుద్వాహకమగుటచేత గుణకమునకు వేసిన తాళము ఊడిపోయెడిది. చేయి వణకి ప్రక్క గీతతో కలిసినదా, రబ్బరుతో చెరిపి మరల గీయవలసినదే.

ఇరుకు ఎక్కడ?

అయినను వేగమును పెంచుట కన్న ముఖ్యమైనది, ఏ భాగము మిగిలిన వానిని వెనుకకు లాగుచున్నదో కనిపెట్టుట. ఈ సంగతి ఉక్కునగర వాసులకు వేరుగా చెప్పనక్కఱలేదు. గోదావరి, కృష్ణ అను రెండు బ్లాస్టు ఫర్నేసులకు తోడుగా అన్నపూర్ణ యను మూడవది చేరినప్పుడు, వెనుకనుండి కోకు, సింటరు తగినంత అందనిదే అది మండదు. ముందు స్టీల్ మెల్టింగు షాపు సిద్ధముగా లేనిచో, కరగిన ఇనుము పిగ్ కాస్టింగు యంత్రమునకు పోయి చౌకదిమ్మలుగా గట్టిపడును. పాత ప్రాసెసరు ప్రక్కన నిలిపిన ఖరీదైన గ్రాఫిక్సు కార్డు పనియు ఇట్టిదే. పరీక్షించుటకు కానీ ఖర్చు కాదు: ఆటలో తెర రిజల్యూషనును తగ్గించి చూడవలెను. క్షణమునకు తెరపై పడు ఫ్రేముల సంఖ్య పెరిగినచో ఇరుకు కార్డునందున్నది, పెరగనిచో ప్రాసెసరునందున్నది. ఆట తెఱచుకొనుటకే నిమిషములు పట్టుచున్నచో లోపము తిరుగుడు హార్డు డిస్కుది; ఎస్సెస్డీ ఒక్కటి పెట్టినంతనే యంత్రమునకు ప్రాణము లేచివచ్చును. ఒంటరి ర్యాము ముక్కకు దానికి జోడైన మరొకదానిని చేర్చినచో రెండు మార్గముల రాకపోకలు సాగి, ముఖ్యముగా ప్రత్యేక కార్డు లేని యంత్రమున, ఫలితము స్పష్టముగా కానవచ్చును. ఈ తారతమ్యములు తెలిసిన దుకాణదారుడు మొదట పవర్ సప్లయిమీది చీటీ చదివి, అది మోయగల బరువెంతో చూచి గాని కార్డు మాట ఎత్తడు.

సముద్రతీర నగరమున మరియొక శత్రువు కలదు: ఉప్పుగాలి. ‘డిస్‌ప్లే రావడం లేదండీ’ అని తెచ్చిన పెట్టెలో చాలసార్లు ఏ భాగమును చెడియుండదు. మెకానిక్కు ర్యామును ఊడదీసి, దాని అంచుననున్న బంగారు పూత పండ్లవరుసను పాఠశాల రబ్బరుతో మెల్లగా రుద్ది, నల్లని మురికి పొట్టును బ్రష్షుతో దులిపి, టప్పున చప్పుడగునట్లు స్లాటులో నొక్కును, తెర వెలుగును. క్రొత్తది కొనవలెనని వచ్చినవాని డబ్బు మిగులును.

ఒక సాకెట్టు, ఒక తేదీ

ప్రమాణము నిలుకడగా నున్నచో బీదవానికి కలుగు మేలునకు ఇటీవలి నిదర్శనము ఏఎండీ వారి ఏఎం4 సాకెట్టు. 2017లో తొలి రైజెను ప్రాసెసరుతో ఆ సాకెట్టు గల బోర్డు కొన్నవారిలో పలువురు, 2022లో వచ్చిన 5800ఎక్సు3డీ ప్రాసెసరును సైతము, బయాసు నవీకరించుకొని అదే బోర్డుమీద కూర్చుండబెట్టగలిగిరి. బోర్డు, ర్యాము, క్యాబినెటు అన్నియు పాతవే. కాని విపణి ఎల్లప్పుడును ఇంత దయగలది కాదు. క్రిప్టో నాణెముల తవ్వకమునకు గ్రాఫిక్సు కార్డులను మూకుమ్మడిగా కొనిన కాలములలో వాని ధరలు ఆటగానికి అందకుండ పోయినవి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియము అను క్రిప్టో నాణెము ఆ తవ్వకపు పద్ధతిని విడిచిన పిమ్మట, రాత్రింబవళ్లు నలిగిన ఆ కార్డులే సెకండుహ్యాండు విపణిలోనికి కుప్పలుగా వచ్చినవి. అట్టివి కొనువాడు ఫ్యాను బేరింగుల చప్పుడు విని, అరగంటసేపు ఆట నడిపించి, వేడి ఎంతవరకు పెరుగునో చూచి గాని పైకము చెల్లింపరాదు.

2025 అక్టోబరు 14 ఈ కథలో విచిత్రమైన తేదీ. ఆ దినముననే మైక్రోసాఫ్టు విండోస్ 10కి సాధారణ మద్దతును ముగించినది. విండోస్ 11 కోరు భద్రతా నియమములకు సరిపోక, చక్కగా పనిచేయుచున్న యంత్రములెన్నియో అధికారికముగా అనర్హములైనవి. అదే దినమున గూగుల్ సంస్థ ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో విశాఖపట్టణమున కృత్రిమమేధా కేంద్రమును నెలకొల్పెదనని ప్రకటించినది. అట్టి కేంద్రములు లోకమంతట పెరుగుచుండుటచే మెమరీ చిప్పుల గిరాకి హెచ్చి, ర్యాము ధరలు ఆ యేటి చివర ఎగబ్రాకినవి. డిసెంబరులో మైక్రాన్ సంస్థ, సామాన్య వినియోగదారులకు ఏండ్లుగా పరిచితమైన క్రూషియల్ మెమరీ వ్యాపారమునుండి తప్పుకొనుచున్నట్లు తెలిపినది. విశాఖ విద్యార్థి కొనదలచిన ర్యాముకు పోటీదారు ఇప్పుడు ప్రక్కవీధి కుఱ్ఱవాడు కాడు, ప్రపంచమందలి మహాసంస్థలు.

ధరలు నేడు పెరిగి రేపు తరుగవచ్చును. ఆటగాడు ఓపిక పట్టగలడు. ర్యాము బోర్డుకే అతికి వచ్చుట, పవర్ సప్లయి ఆ కంపెనీదే తప్ప వేరొకటి పట్టకపోవుట వంటివి సామాన్యములైనప్పుడు మాత్రము ఓపికకు ఫలముండదు, ఏలయనగా మార్చుకొనుటకు భాగమే వేరుగా నుండదు. మరమ్మతు హక్కును గూర్చి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో సంఘమును నియమించి, ఆ డిసెంబరులో పోర్టలును ప్రారంభించుట శుభారంభమే. దానికి బలము చేకూర్చవలసినది కొనుగోలుదారుడు. కంప్యూటరు కొనునాడు వేగమెంత యని యడుగుటతో ఆగక, ర్యాము మార్చవచ్చునా, స్లాటు ఖాళీ యున్నదా, పవర్ సప్లయి మామూలు కొలతదేనా అని కూడ అడిగి, లేదన్నచో మరొక దుకాణము మెట్లెక్కువాడు తన పదివేలనే కాక, తన తరువాత వచ్చు వాని పదివేలను కూడ కాపాడినవాడగును.