మోకాలి మార్పిడి తరువాత కాలి కండరాల బలం

అరిగిన కీలు తలాలను తొలగించి లోహం, పాలిథిలీన్‌లతో చేసిన కృత్రిమ కీలును అమర్చే మోకాలి మార్పిడి నొప్పిని తగ్గించినా, తొడ ముందుభాగాన ఉండి మోకాలిని చాపే క్వాడ్రిసెప్స్ కండరం మొదటి నెలలో శస్త్రచికిత్సకు ముందున్న బలంలో దాదాపు సగం కోల్పోతుంది. కండరం సన్నబడటం కన్నా, వాపు వల్ల నాడీవ్యవస్థ దానిని పూర్తిగా బిగుసుకోనివ్వకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కూరగాయలు, పూలతోటల సాగులో గొంతుక్కూర్చుని కలుపు తీసేవారికి ఈ లోటు మరీ బరువైనది. కృత్రిమ కీలుతో ఆ భంగిమను సాధారణంగా వైద్యులు వారిస్తారు. చేతి ఊతం లేకుండా కుర్చీలోంచి లేవగలగడం కోలుకోవడానికి మంచి కొలమానం. మోకాలి కింద చుట్టిన తువ్వాలును అదిమి, అయిదు సెకన్లు బిగించి వదిలే వ్యాయామాన్ని ఆసుపత్రి మంచం మీదే మొదలుపెట్టి, నొప్పి తగ్గాక కూడా నెలల తరబడి బలం పెంచే వ్యాయామాలను కొనసాగించాలి.