టీబీకి కొత్త టీకా ఎంతవరకు వచ్చింది? అప్పటిదాకా ఏం చేయాలి?

మీ భుజంపై చిన్న మచ్చ ఉందా? అది పసితనంలో వేసిన బీసీజీ టీకా గుర్తు కావచ్చు. రేపు గజపతినగరంలోని మీ ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే, ఆ టీకా మిమ్మల్ని కాపాడుతుందా? దాన్నే నమ్ముకుని ఉండలేం.

బీసీజీతో సరిపోదా?

1921 నుంచి వాడుతున్న టీకా ఇది. 1948లో మన దేశంలో దీన్ని మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. పసిపిల్లలకు మెదడు పొరలకు సోకే టీబీ వంటి ప్రమాదకర రకాల నుంచి ఇది రక్షిస్తుంది. అందుకే బిడ్డ పుట్టగానే తప్పక వేయించాలి. అయితే పెద్దల ఊపిరితిత్తుల టీబీని ఇది ఆపలేదని తమిళనాడులోని చెంగల్పట్టులో 1968లో మొదలైన భారీ అధ్యయనం తేల్చింది. 2024లో ఎంపిక చేసిన జిల్లాల్లో పెద్దలకు వేసిందీ ఈ పాత టీకానే.

కొత్తవి ఏవి?

* ఎంటీబీవ్యాక్: బీసీజీని పశువుల టీబీ క్రిమి నుంచి చేశారు. దీన్ని మనుషులకు సోకే క్రిమినే బలహీనపరిచి స్పెయిన్‌లో రూపొందించారు. మన దేశంలో పెద్దలపై ప్రయోగాలను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 2024లో ప్రారంభించింది.
* ఎం72: రెండు డోసుల టీకా. ఒంట్లో క్రిమి ఉన్నా జబ్బు పడని పెద్దల్లో, మూడేళ్లలో టీబీ ముప్పును సుమారు సగానికి తగ్గించింది. 2024లో మూడో దశ దక్షిణాఫ్రికాలో మొదలైంది.

ఎందుకింత ఆలస్యం?

టీబీ క్రిమి ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటుంది. అది సోకినవారిలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మందే. కాబట్టి టీకా పనిచేసిందో లేదో తేలాలంటే వేల మందిని ఏళ్లపాటు గమనించాలి. ఈ రెండూ ఇంకా ప్రయోగ దశలోనివే. డబ్బిస్తే కొత్త టీకా వేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు మీరేం చేయాలి?

* రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కఫంలో రక్తం ఉంటే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. పరీక్ష, మందులు ఉచితం.
* ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే మిగతావారంతా పరీక్ష చేయించుకోండి. జబ్బు లేదని తేలితే, రాకుండా ఆపే మాత్రల గురించి డాక్టర్‌ను అడగండి.
* చికిత్స పొందేవారికి పోషకాహారం కోసం నెలకు రూ.1,000 బ్యాంకు ఖాతాలో వేస్తారు. నిక్షయ్ పోర్టల్‌లో పేరు, ఖాతా నంబరు నమోదయ్యాయో లేదో అడిగి తెలుసుకోండి.
* తగ్గినట్టు అనిపించినా మందులు మధ్యలో మానకండి. మానేస్తే మొండి టీబీగా మారొచ్చు.

సందేహాలుంటే టోల్ ఫ్రీ నంబరు: 1800-11-6666.