‘చాన్సెల్’: అడ్డుగోడకు పెట్టిన పేరు

సంఘ చరిత్రను గూర్చిన ఆంగ్ల గ్రంథాలు చదివే విద్యార్థులకు ‘చాన్సెల్’ అనే మాట తరచుగా ఎదురవుతుంది. ప్రభువు బల్ల ఉండే తూర్పు భాగము, గురువులు, గాయక బృందము కూర్చుండే స్థలము అని నిఘంటువులు చెబుతాయి. ఈ అర్థము సరియైనదే. అయితే ఆ మాట మొదట స్థలానికి పేరు కాదు, అడ్డుకు పేరు.

లాటిన్ భాషలో ‘కాన్సెల్లి’ అంటే జాలి అల్లిక గల అడ్డు. న్యాయస్థానములో ఆ అడ్డు దగ్గర ఉండే ఉద్యోగి పేరు నుండి ‘ఛాన్సలర్’ వచ్చింది. వ్రాతపై జాలివలె గీతలు గీసి కొట్టివేయుట నుండి ‘క్యాన్సిల్’ వచ్చింది. రైలు టికెట్టు క్యాన్సిల్ చేయించుకొనే మనము ఈ బంధుత్వాన్ని ఎన్నడూ తలంచము! నాలుగవ శతాబ్దపు తొలినాళ్లలో తూరులో కట్టిన ఆలయాన్ని వర్ణిస్తూ, జనసమూహము బలిపీఠము దగ్గరకు రాకుండ చుట్టూ కొయ్య జాలి అమర్చారని యూసేబియస్ వ్రాశాడు. కాలక్రమేణ అడ్డు పేరే దాని వెనుకనున్న చోటుకు అంటుకొన్నది.

మధ్యయుగపు ఇంగ్లండులో ఈ విభజన ఖర్చులోను కనబడింది. చాన్సెల్ మరమ్మతు రెక్టరుది, జనులు నిలిచే ‘నేవ్’ మరమ్మతు సంఘస్థులది. ఈ పాత బాధ్యత ఆ భూములు కొన్నవారిపై ఇంకను నిలిచియున్నదని 2003లో ఆస్టన్ కాంట్లో వ్యాజ్యములో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పునిచ్చింది.

సంస్కరణ కాలములో ఇది తగవుగా మారింది. 1552 నాటి ప్రార్థన గ్రంథము ‘ఆల్టర్’ అనే మాటను విడిచి ‘బల్ల’ అన్నది. బల్లను ఆలయపు నడిమి భాగములోనైనను చాన్సెల్‌లోనైనను ఉంచవచ్చునన్నది. 1630లలో ఆర్చిబిషప్పు లాడ్ పక్షమువారు బల్లను తిరిగి తూర్పు గోడకు చేర్చి చుట్టూ కమ్ములు పెట్టించారు. కుక్కలు దూరనంత దగ్గరగా కమ్ములుండాలని 1636లో నార్విచ్ బిషప్పు మాథ్యూ రెన్ ఆజ్ఞాపించాడు. కారణము న్యాయమైనదే కావచ్చును గాని, విశ్వాసులకు కనబడినది కుక్కలకు వేసిన కంచె కాదు, తమకు వేసిన కంచె. 1643లో పార్లమెంటు ఆ కమ్ములను తీసివేయించి, ఎత్తు చేసిన చాన్సెల్ నేలలను చదును చేయించింది. అయినను రాజరికము తిరిగి వచ్చిన పిమ్మట కమ్ములు మరల వచ్చాయి. 1839లో కేంబ్రిడ్జిలో ఏర్పడిన కామ్‌డెన్ సొసైటీ పొడవైన చాన్సెల్‌ను మరల వాడుకలోనికి తెచ్చింది.

ఒక హెచ్చరిక. బ్రిటిషు గ్రంథాలలో ‘శాంక్చువరీ’ అంటే బల్ల చుట్టూ ఉన్న చోటు మాత్రమే. అమెరికా ప్రొటెస్టెంటు గ్రంథాలలో తరచుగా ఆరాధన స్థలమంతయు. ఈ రెంటిని కలిపి అనువదిస్తే తప్పు దొర్లుతుంది.

తెలుగులో చాన్సెల్‌కు స్థిరపడిన మాట లేదు. మన సంఘాలలో అనేకులు ఆ చోటును ‘ఆల్టరు’ అనే అంటారు. అదే నోటితో సంస్కారాన్ని ‘ప్రభువు బల్ల’ అని, అందులో పాలుపొందుటను ‘బల్ల తీసుకొనుట’ అని అంటారు. 1552లో ఇంగ్లండు ఏ రెండు మాటల మధ్య ఒకటి ఎంచుకొన్నదో, ఆ రెంటిని మనము ఒకే ఆదివారమున పలుకుచున్నాము.