పులికాట్: యుద్ధాల నడుమ ఒక తటస్థ రేవు

మన ఊరి చెంత పారే అరుణానది తూర్పుగా సాగి పులికాట్ సరస్సులో కలుస్తుంది. తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకొనే ఆ సరస్సు ఒడ్డున ఒకప్పుడు డచ్చివారి రేవు వెలసింది. ఇరుపక్షాలు పోరాడుతుండగా ఏ పక్షమూ వహించని దేశపు రేవుకు ఎంతటి విలువ ఉంటుందో, ఆ విలువయే దానికి ఎట్లు ముప్పు తెస్తుందో పులికాట్ చరిత్ర మనకు బోధిస్తుంది.

డచ్చివారు 1613లో అక్కడ గెల్డ్రియా కోటను నిర్మించుకొన్నారు. అచ్యుతప్ప శెట్టి, ఆయన సోదరుడు చిన్నన్న వంటి తెలుగు వర్తకుల ద్వారా ఈ సీమ నేతగాండ్ర వస్త్రాలు తూర్పుదీవులకు ఎగుమతి అయ్యేవి. ఆ రేవులో తుపాకిమందు సైతం తయారయ్యేది.

18వ శతాబ్దిలో ఆంగ్లేయులు, ఫ్రెంచివారు కర్ణాటకంపై ఆధిపత్యానికై పోరాడినపుడు ఈ తీరంలో డచ్చివారు తటస్థులుగా నిలిచారు. 1754 జనవరిలో ఉభయుల ప్రతినిధులు సంధి చర్చలకు ఎన్నుకొన్న స్థలం మద్రాసుకు దక్షిణాన ఉన్న డచ్చి రేవు సదరాసు. చర్చలు ఫలించలేదు. అయినను శత్రువులిద్దరూ నిర్భయంగా కూర్చొనగల చోటు తటస్థుని ఇల్లే కదా!

ఆ తటస్థత కలకాలం నిలువలేదు. అమెరికా స్వాతంత్ర్య సమరంలో డచ్చి వర్తకులు తిరుగుబాటుదారులకు ఆయుధాలు అమ్ముతున్నారని ఆగ్రహించి, 1780 డిసెంబరులో బ్రిటన్ హాలెండుపై యుద్ధం ప్రకటించింది. ఎక్కడో సముద్రాల ఆవల రేగిన నిప్పు మన తీరాన్ని అంటుకొన్నది. 1781లో సదరాసు, పులికాట్, నాగపట్నం వరుసగా ఆంగ్లేయుల వశమయ్యాయి.

అప్పటికే హైదరాలీ సైన్యాలు కర్ణాటకాన్ని చుట్టుముట్టి ఉన్నాయి. 1780లో గుంటూరు సీమనుండి వచ్చిన కర్నల్ బెయిలీ దళం కొర్తలయ్యారు వరదవల్ల ఆలస్యమై, సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద నాశనమైంది. మరుసటి ఏడు వంగదేశంనుండి ఉత్తర సర్కారులు, నెల్లూరు మీదుగా నడచివచ్చిన కర్నల్ పియర్స్ దళాన్ని సర్ అయిర్ కూట్ ఆగస్టు మొదట్లో కలుసుకొన్నది పులికాట్‌లోనే. పిమ్మట కూట్ మన తిరువళ్లూరు చెంతనున్న తిరుప్పాచూరు కోటను పట్టుకొని, ఆగస్టు 27న పొల్లిలూరు వద్దనే హైదరును మరల ఎదుర్కొన్నాడు. ఉత్తరాదినుండి మద్రాసుకు వచ్చే తీరమార్గంలో పులికాట్ ఎంతటి కీలకస్థానమో దీనివల్ల తెలియగలదు.

ఈ పోరులో పాడైన పొలాలు మాత్రం ఏ పక్షానికీ చెందని రైతులవి. 1782లో మద్రాసు ప్రాంతాన్ని ఘోరమైన కరవు పీడించింది.

పులికాట్ తిరిగి డచ్చివారికి దక్కినా, 1795లో మరల చేజారింది. 1818లో మళ్లీ చేతికి వచ్చి, 1825లో శాశ్వతంగా ఆంగ్లేయుల పరమైంది. నేడు అక్కడ చెక్కడపు సమాధులు, కోట శిథిలాలు మిగిలి ఉన్నాయి.

తటస్థత అన్నది కేవలం మన మాటతో నిలిచేది కాదు. ఇతరులు దానిని గౌరవించినంతకాలమే నిలుస్తుంది. మన విద్యార్థులు ఆ సమాధుల నడుమ ఒక్క దినం నిలిచి చూచినచో ఈ పాఠం పుస్తకంలోకంటె చక్కగా బోధపడుతుంది.