రాగి గడ్డి వామి నుంచి దాణా మూట దాకా: మన కోలారు సీమ పాడి కథ



మన సంఘంలో నలుగురు కూర్చున్న చోటల్లా ఒకటే మాట వినబడుతోంది. "దాణా మూట ధర ఏటా ఎక్కుతోంది, పాల ధర నిలబడ్డ చోటే ఉంది, ఆవుల్ని అమ్మేస్తే పోలేదా?" అని. ఇంకోవైపు చదువుకున్న మన పిల్లలు కొందరు అప్పు చేసి ఒకేసారి ఇరవై ఆవులతో ఫారం పెడదామంటున్నారు. ఈ రెండింటికీ జవాబు చెప్పాలంటే మన సీమలో పాడి ఎలా పుట్టిందో, ఎక్కడ దారి మళ్ళిందో ముందు తెలుసుకోవాలి.

శ్రీనివాసపురం, ముళబాగిలు, బంగారుపేట, చింతామణి, బాగేపల్లి... ఈ ఊళ్ళలో మనం తరతరాలుగా తెలుగే మాట్లాడుకుంటూ కన్నడనాడులో బతుకుతున్నాం. పాత రోజుల్లో మన కొట్టాల్లో ఉండింది నాటు పశువులు, హళ్ళికారు ఎద్దులు. వాటిని పాల కోసం పెంచలేదు. దుక్కికి, బండికి, ఎరువుకి పెంచినాం. మైసూరు రాజుల కాలంలో "బెణ్ణె చావడి" పేరుతో పశువుల మందలు ఉండేవి. వాటికి టిప్పు సుల్తాన్ కాలంలో "అమృత్ మహల్" అని పేరొచ్చింది. అవీ సైన్యానికి సామాను లాగే ఎద్దుల కోసం పేరుపడ్డవే. హద్దుకు అవతల పుంగనూరు పొట్టి ఆవు ఉండింది. పాలు తక్కువైనా వెన్న బాగా పడేది, కొంచెం మేతతోనే సరిపెట్టుకునేది.

ఆ కాలం పాడిలో ఒక గుట్టు ఉంది. మేతకు దుడ్డు పెట్టింది దాదాపు లేదు. రాగులు కోసినాక గడ్డి వామి వేసేవాళ్ళు. సరిగ్గా వేసిన రాగి వామి ఏళ్ళ తరబడి చెడకుండా నిలుస్తుంది, కరువు ఏడాదిలో అదే దిక్కు. ఉలవలు ఉడికించి ఎద్దులకు పెట్టేవాళ్ళు. గానుగ దగ్గర చెక్క, ఇంట్లో తవుడు, చెరువు కట్ట మీద పచ్చిగడ్డి. మనిషికి రాగి సంగటి, పశువుకు రాగి గడ్డి. ఒకే పంట రెండు కడుపులు నింపింది.

మార్పుకి విత్తనం బెంగుళూరులో పడింది. 1923లో అక్కడ ఇంపీరియల్ పశుసంవర్ధక, డైరీ సంస్థ మొదలైంది. 1927లో ఒంట్లో బాగలేక మన నంది కొండ మీద విశ్రాంతి తీసుకున్న గాంధీగారు, తర్వాత బెంగుళూరుకి దిగి ఆ సంస్థకు వెళ్ళి పశుపోషణ గురించి శ్రద్ధగా నేర్చుకున్నారు. గోవును భక్తితో చూస్తే చాలదు, లెక్కతో సాకాలి అన్నది ఆయనకూ పట్టిన విషయం.

స్వాతంత్ర్యం తర్వాత కోలారు నుంచి పార్లమెంటుకు వెళ్ళి, నెహ్రూగారి ప్రభుత్వంలో వ్యవసాయ శాఖ ఉపమంత్రిగా పనిచేసిన ఎం.వి. కృష్ణప్పగారి పేరు మన పల్లెల్లో ఇప్పటికీ సీమావులతో కలిపే చెప్పుకుంటారు. ఆ తర్వాత 1970లో దేశమంతటా ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. కర్ణాటకలో ప్రపంచ బ్యాంకు సాయంతో 1974లో పాడి అభివృద్ధి కార్పొరేషన్ వచ్చింది. 1984లో అదే పాల మహామండలి, అంటే మన నందిని పాల కె.ఎం.ఎఫ్. అయింది. 1987లో బెంగుళూరు యూనియన్ నుంచి విడిపడి కోలారుకు సొంత పాల యూనియన్ ఏర్పడింది. ఊరూరా సొసైటీ, పొద్దునా సాయంత్రం కొలత, వెన్న శాతం చూసి ధర. బెంగుళూరు పక్కనే ఉండటం మనకు కలిసొచ్చింది. 2001లో కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. "బంగారు, పట్టు, పాలు" అని చెప్పుకునే జిల్లాలో పట్టు, పాలు మిగిలినాయి. పాల బిల్లు ఆడవాళ్ళ చేతికి వచ్చిన ఇళ్ళలో పిల్లల చదువు ఆగలేదు. ఇది మనందరం కళ్ళారా చూసిందే.

కానీ ఇదే కాలంలో ఇంకో మార్పు సద్దు లేకుండా జరిగింది. 1980 ప్రాంతాల్లో సామాజిక అరణ్య పథకం పేరుతో రాగి చేలల్లో నీలగిరి చెట్లు లేచినాయి. చెరువులు ఎండినాయి, బోర్లు వెయ్యి అడుగులు దాటినాయి. రాగి తగ్గితే రాగి గడ్డి కూడా తగ్గింది. ఎక్కువ పాలిచ్చే సీమావు కొట్టంలోకి వచ్చిన సమయానికే దాని మేత చేను వదిలి అంగడికి పోయింది. వామి ఉన్న చోట మూట వచ్చింది. ఈరోజు మన నష్టం మొదలైంది అక్కడే. పాల ధర ఒక్కటే కారణం కాదు.

పాడిలో అయ్యే ఖర్చులో నూటికి 60 నుంచి 70 రూపాయలు మేతవే. కాబట్టి లాభం వెతకాల్సింది గాటిపాడులోనే. మన ఊళ్ళలో నాలుగైదు ఆవులతో నిలదొక్కుకున్న కుటుంబాలను గమనిస్తే, పాత బుద్ధికి కొత్త లెక్క జోడించినవాళ్ళే కనబడతారు. వాళ్ళు చేసేవి ఇవి.

దాణా పాల కొలతను బట్టి పెడతారు. ఆవు ఒంటి పోషణకు రోజుకు ఒక కేజీ, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కేజీ. పది లీటర్లిచ్చే ఆవుకు ఐదు కేజీలు. నాలుగు లీటర్లకు దిగిన ఆవుకూ అంతే పెడితే ఆ దాణా దుడ్డు పేడలోకి పోయినట్టే.

పది గుంటల నేలైనా పచ్చిమేతకు కేటాయిస్తారు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ నేపియర్ రకాలు నాటితే రెండున్నర నెలలకు మొదటి కోత, ఆ తర్వాత నెలన్నరకో కోత వస్తుంది. పక్కన అలసంద, గట్ల మీద అవిశ. పప్పుజాతి పచ్చిమేత పది కేజీలు పెడితే సుమారు ఒక కేజీ దాణా తగ్గించుకోవచ్చు. పట్టుపురుగులు మేపే ఇళ్ళలో మిగిలిన మల్బరీ ఆకు, లేత కొమ్మలు కూడా ఆవుకు మంచి మేతే.

వరిగడ్డి కంటే రాగి గడ్డిని ఎంచుకుంటారు. వరిగడ్డిలో ఇసుక గుణం ఎక్కువ, సున్నం తక్కువ. వరిగడ్డి తప్పనప్పుడు 100 కేజీలకు 4 కేజీల యూరియా నీళ్ళలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు మాగబెట్టి పెడతారు. ఆరు నెలలు నిండని దూడలకు మాత్రం అది పెట్టరు. ఏ మేతైనా ముక్కలు చేసి వేస్తారు, తొక్కి పారేసేది తగ్గుతుంది. రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం మరవరు.

ఎద తప్పనివ్వరు. ఈతకూ ఈతకూ మధ్య 13 నెలలు ఉండాల్సింది 18 అయితే, ఐదు నెలలు అదనంగా మేపినట్టు లెక్క. ఆ నష్టం ఏ చీటీలోనూ రాయబడదు, అందుకే మనకు కనబడదు.

2013లో గాలికుంటు రోగం మన జిల్లాను ఎంత దెబ్బ తీసిందో అందరికీ గుర్తే. అప్పు చేసి కొన్న ఆవు పడిపోతే ఆవు పోతుంది, అప్పు మిగులుతుంది. టీకా, బీమా ఖర్చు కాదు, పునాది. ఇరవై ఆవులతో మొదలుపెడదామనే పిల్లలకు మనం చెప్పాల్సింది ఇదే: ముందు మేత నాటండి, తర్వాత ఆవును తెండి. రెండుతో మొదలుపెట్టి, వాటి దూడలతోనే మందను పెంచండి.

ప్రభుత్వం 2008 నుంచి లీటరుకు ప్రోత్సాహధనం ఇస్తోంది. మంచిదే, కానీ దాని మీదే ఆధారపడి కొట్టం నడవదు. అది ఆలస్యమైన నెలలో కూడా నిలబడగలిగితేనే మన పాడి మన చేతిలో ఉన్నట్టు.

మన సంఘం తరఫున ఒక విన్నపం. ప్రతి పాడి ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఒక పక్క పాలు, ఒక పక్క మేత, ఆవు ఆవుకూ వేరువేరుగా. మూడు నెలలు రాస్తే ఏ ఆవు మనల్ని పోషిస్తోందో, ఏ ఆవును మనం పోషిస్తున్నామో అదే చెబుతుంది. అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఆ పుస్తకం చూసి తేల్చుకుందాం. ఆ లెక్కలు పట్టుకుని మన ఊళ్ళవాళ్ళం కలిస్తే, గడ్డి మిషన్ ఉమ్మడిగా కొనడం, గడ్డి కోత కాలంలోనే కలిసి చవకగా కొని వామి వేసుకోవడం కష్టమేమీ కాదు. వామి వేయడం మన పెద్దలకు వచ్చిన విద్యే. చేతనైనవాళ్ళు ఇంకా మన మధ్య ఉండగానే నేర్చుకుందాం.