మగ్గం పోయి కొలిమి వచ్చిన కిస్సా

ఎస్వీ రంగారావు 1918లో నూజివీడులో పుట్టారు. ఆ నూజివీడు ఇప్పుడు మన ఏలూరు జిల్లాలోనే ఉంది. పాలగుమ్మి పద్మరాజుదేమో తాడేపల్లిగూడేనికి పెద్ద దూరం కాని అత్తిలి పక్కన తిరుపతిపురం. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ కథలు రాసిన మనిషి. 1955లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘బంగారు పాప’లో ఒకరు కోటయ్య వేషం వేస్తే ఇంకొకరు మాటలు రాశారు. తెలుగులో ఉత్తమ చిత్రంగా దానికి జాతీయ అవార్డు వచ్చింది.

అసలు కిస్సా మాత్రం ఇంగ్లీషుది. 1861లో జార్జ్ ఇలియట్ రాసిన ‘సైలస్ మార్నర్’. జార్జ్ అన్నది కలం పేరే, రాసింది మేరీ ఆన్ ఇవాన్స్ అనే ఖాతూన్.

సైలస్ నేతగాడు, మన జబాన్‌లో జులాహా. జిగ్రీ దోస్తే దొంగతనం ఇల్జామ్ అతని మీద వేస్తాడు. వాళ్ళ జమాత్ చీటీలు వేసి మరీ నేరం ఖాయం చేస్తుంది. సైలస్ ఊరొదిలి, పదిహేనేళ్ళు మగ్గమే లోకంగా బతికి అష్రఫీలు కూడబెడతాడు. అవీ చోరీ అవుతాయి. తర్వాత ఒక మంచు రాత్రి, తల్లి చనిపోయిన పసిపాప తప్పటడుగులు వేస్తూ వచ్చి అతని పొయ్యి ముందు నిద్రపోతుంది. చూపు ఆనని సైలస్ ఆ పచ్చని జుట్టు చూసి, పోయిన దౌలత్ తిరిగొచ్చిందనుకుని చెయ్యి చాపుతాడు.

తెలుగులో మంచు పోయి గాలివాన వచ్చింది. ‘గాలివాన’ కథకే 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి అందుకున్న పద్మరాజుకి అలాంటి రాత్రి కొత్త కాదు. కొల్లేటి గట్టు మీద బతికేవాళ్ళకి అసలే కొత్త కాదు.

కానీ నేతగాడు కమ్మరి అయిపోయాడు. నాకు మలాల్ అక్కడే. పగతో రగిలే కోటయ్యకి కొలిమి నప్పింది, రంగారావు గారి భారీ శరీరానికి సమ్మెట ఇంకా నప్పింది, కాదనను. అయినా నవలలో మగ్గం ఉత్త సామాను కాదు. తను నేస్తుంటే పాప బయటికి పోకుండా, సైలస్ ఒక పొడుగాటి గుడ్డ పట్టీతో ఆమె నడుముని మగ్గానికి కడతాడు. ఆ గడుగ్గాయి కత్తెర అందుకుని పట్టీ తెంపుకుని పారిపోతుంది. ఏలూరు తివాచీలు నేసిన మన ఖాందానులకి ఈ సీను వివరించక్కర్లేదు. రోజీ ఆగకూడదు, పిల్ల కళ్ళ ముందు నుంచి కదలకూడదు. తెలుగు తెర మీద ఒక జులాహా హీరో అయ్యే మౌకా అలా పోయింది.

1985లో బీబీసీ మగ్గాన్ని వదల్లేదు. సైలస్‌గా వేసింది బెన్ కింగ్స్‌లీ, అసలు పేరు కృష్ణ భాంజీ. తండ్రి వైపు గుజరాతీ ఖోజాలు. 1994లో స్టీవ్ మార్టిన్ అమెరికా సినిమాలో మాత్రం హీరో చెక్క సామాన్లు చేసేవాడయ్యాడు.

పదహారేళ్ళ తర్వాత కన్నతండ్రి గాడ్‌ఫ్రే, ఆ ఊరి భూస్వామి, వచ్చి బిడ్డని అడుగుతాడు. ఎప్పీ వెళ్ళనంటుంది. మన ఇళ్ళల్లో ఇది నాజూకైన సవాల్. షరియత్‌లో ఎవరు పెంచినా నసబ్ మారదు, నికానామాలో వల్దియత్ కన్నతండ్రిదే. యతీమ్‌ని పెంచినవాళ్ళకి దక్కే సవాబూ చిన్నది కాదు. ఇలియట్ నసబ్‌ని కాదనలేదు. పదహారేళ్ళు నోరు మూసుకున్న బాప్‌కి హక్ ఎంత మిగులుతుందని అడిగింది, అంతే. గాడ్‌ఫ్రే మొదట కోపం తెచ్చుకుంటాడు, ఇంటికెళ్ళాక వేళ దాటిపోయిందని భార్య దగ్గర ఒప్పుకుంటాడు. ఎప్పీ షాదీ జోడా అతని భార్య ఇచ్చిందే. దావత్ ఖర్చూ అతనే పెట్టుకుంటాడు. ఆ రోజు మాత్రం ఏదో పని ఉందంటూ పొరుగూరు వెళ్ళిపోతాడు.