తుపాకీ మీద రావి ఆకు

స్వర్ణోత్సవ సంచికకు పాత కాగితాల గురించి ఏదైనా రాయమన్నారు మిత్రులు. ఉస్మానియా క్యాంపస్‌లో చరిత్ర చదివి, ఆ తర్వాత తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌లో ఫార్సీ దస్తావేజుల ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ని కనుక అడగడం సహజమే. అయితే ఈసారి ఇనుము గురించి రాస్తాను.

మన బ్యాచ్ మిత్రుడి ఇంట్లో తాతల నాటి చెకుముకి తుపాకీ ఒకటుంది. వాళ్ల పూర్వీకుడొకాయన నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ పల్టన్‌లో సిపాయి అనీ, తుపాకీ ఆయనదేననీ ఇంట్లో చెప్పుకుంటారు. చెకుముకి రాయి బిగించే చోట ఇనుప పలక మీద రావి ఆకులాంటి గుర్తు, పక్కన 1793 అనే అంకె. ఆకు కదా, దైవ చిహ్నమేనని ఏటా దసరాకు దానికి కుంకుమ పెడుతూ వచ్చారు.

అది ఆకు కాదు. హృదయం ఆకారాన్ని అడ్డగీతలతో నాలుగు గదులు చేసి, వాటిలో వి, ఇ, ఐ, సి అనే ఇంగ్లీషు అక్షరాలు, పైన 4 అంకెలాంటి కొక్కెం. ఈస్ట్ ఇండియా కంపెనీ సరుకు మూటల మీద వేసుకున్న వ్యాపార ముద్ర ఇది. ఆ రోజుల్లో ‘యు’ బదులు ‘వి’ రాసేవారు కనుక మొదటి అక్షరం ‘యునైటెడ్’. బట్టల మూట మీదా, రాగి నాణెం మీదా, తుపాకీ మీదా అదే ముద్ర. 1808 ప్రాంతంలో దాని స్థానంలోకి కిరీటం పట్టుకున్న సింహం వచ్చింది.

‘‘అయితే మావాళ్లు కంపెనీ నౌకర్లా?’’ అన్నాడు మిత్రుడు. ఆ గొంతులో బాధ నాకు అర్థమైంది. మూసారాంబాగ్ పేరులో ఇప్పటికీ బతికున్న రేమండ్ అంటే హైదరాబాదీలకు అభిమానం. తుపాకీ మీది ముద్ర మాత్రం దాన్ని ఎవరు కొన్నారో చెబుతుంది. ఎవరి భుజాన మోశారో చెప్పదు. రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం కంపెనీతో సంధి చేసుకున్నాడు, అక్టోబరులో ఫ్రెంచి పల్టన్ల చేత ఆయుధాలు దింపించారు. ఆ సిపాయిల్లో కొందరే మరుసటి ఏడాది నిజాం సేనతో, కంపెనీ పక్షాన, శ్రీరంగపట్నం మీదికి నడిచారు. కాబట్టి ఇంటి కథా, ఇనుప ముద్రా రెండూ నిజం కావచ్చు. ఒకే మనిషి ఏడాదిలో రెండు జెండాల కింద నిలబడిన కాలం అది.

శ్రీరంగపట్నం మాట వచ్చింది కనుక ఇంకొకటి. మన ఊళ్లో పాత తుపాకీ ప్రతిదీ టిప్పుదే అంటారు. టిప్పు కార్ఖానాల తుపాకులకు పులి చారలు, ‘హైదర్’ అనే ముద్ర, ‘సర్కారె ఖుదాదాద్’ అనే రాత ఉంటాయి. ధర కోసం వీటిని ఇప్పుడు కొట్టేవాళ్లూ ఉన్నారు. తుప్పు తిన్న గుంటల మీద పదునైన అంచులతో ముద్ర కనిపిస్తే అనుమానించాలి. కాకి కాలులాంటి బాణం గుర్తు బ్రిటిష్ సర్కారుది. రెండు బాణాలు మొన కలిపి ఉంటే, సర్కారు ఆ ఆయుధాన్ని అమ్మేసిందని అర్థం.

ఇలా గుర్తు వేయడం కంపెనీ కనిపెట్టిందేమీ కాదు. మొగలులు సైన్యపు గుర్రాలకు ‘దాగ్’ వేసేవారు. తార్నాకలో ఉన్న ‘అర్జ్ ఓ చెహ్రా’ కాగితాల్లో రౌతు ముఖం పోలికలతో పాటు గుర్రం ఆనవాళ్లూ రాసి ఉంటాయి. పుట్టుమచ్చ ఎక్కడుందో కూడా వదల్లేదు ఆ గుమాస్తాలు! అరువు గుర్రం చూపించి జీతం కొట్టేయకుండా అదొక కట్టడి. మన కంపెనీ తుపాకీకి అంత వివరమైన కాగితం తోడుంటే సిపాయి పేరు కూడా తెలిసేది.

మిత్రుడి తుపాకీని ఒక వ్యాపారి గరుకు కాగితంతో రుద్ది తళతళలాడిస్తానన్నాడట. సమయానికి ఆపాం. రుద్దితే ముందు పోయేది ఆ ముద్రే. మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా పెట్టి ఫోటో తీయండి. అరిగిన అక్షరాలు నీడల్లో తేలతాయి. మిత్రుడి తుపాకీ పలక మీద తయారుచేసినవాడి పేరులో చివరి రెండక్షరాలు అలాగే బయటపడ్డాయి. మొదటి అక్షరాల మీద ఇంకా కుంకుమ గడ్డకట్టి ఉంది.